స్వీయగాయం: మానసిక రోగులలో ప్రేరణలు, వాటి అంచనా

మనిషి తన శరీరానికి తానే, తెలిసి, హాని చేసుకోవడాన్ని మానసిక వైద్యంలో స్వీయగాయం అంటారు. ఇది ఒక రోగం పేరు కాదు. కుంగుబాటు, స్కిజోఫ్రీనియా, వ్యక్తిత్వ రుగ్మతలు, మత్తు వ్యసనాలు, మేధో వైకల్యం వంటి వేరువేరు స్థితులలోనూ, గుర్తించదగిన మానసిక రోగం ఏదీ లేనివారిలోనూ కనిపించే ప్రవర్తన ఇది. చూపుకు ఒకేలా ఉన్న రెండు గాయాల వెనుక ఎదురెదురు కారణాలు ఉండవచ్చు: ఒకరు బతుకు చాలించాలన్న ఆలోచనతో గాయపరచుకుంటే, మరొకరు ఆ ఆలోచనను ఆపుకోవడానికే గాయపరచుకుంటారు, ఇంకొకరు చెవిలో వినిపిస్తున్న ఆజ్ఞకు లోబడతారు, వేరొకరికి తాను చేస్తున్నదేమిటో ఆ క్షణాన తెలియనే తెలియదు. గాయం లోతును బట్టి కుట్లు వేయవచ్చు గానీ, ఆ లోతును బట్టి ప్రేరణను తెలుసుకోలేరు, ప్రేరణ తెలియకుండా చికిత్సను నిర్ణయించలేరు. అందువల్ల ప్రేరణను ఓపికగా విని అంచనా వేయడం ఈ రంగంలో చికిత్సకు ముందు జరిగే లాంఛనం కాదు, చికిత్సలో మొదటి భాగం.

నిర్వచనం, పదజాలం

ఈ ప్రవర్తనను సూచించే పదాలు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. బ్రిటన్‌లో ‘స్వీయహాని’ అన్న విస్తృతమైన మాటను వాడతారు. చనిపోవాలన్న ఉద్దేశం ఉన్నా లేకున్నా, తనకు తాను చేసుకున్న హాని అంతా దాని కిందికి వస్తుంది. ఉద్దేశం తరచుగా మిశ్రమంగా ఉంటుందనీ, దాన్ని ముందే రెండుగా విడదీయడం కష్టమనీ ఆ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన. అమెరికా పరిశోధకులు దీనికి భిన్నంగా, మరణోద్దేశం లేని స్వీయగాయాన్ని ఆత్మహత్యా ప్రయత్నం నుంచి వేరు చేసి అధ్యయనం చేస్తారు. అమెరికన్ మానసిక వైద్య సంఘం 2013లో వెలువరించిన రోగ నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు (డీఎస్ఎం-5) ‘మరణోద్దేశం లేని స్వీయగాయం’ అన్న రుగ్మతను మరింత అధ్యయనం అవసరమైన అంశాల జాబితాలో చేర్చి, గడచిన ఏడాదిలో కనీసం ఐదు రోజుల పాటు ఈ ప్రవర్తన కనిపించడాన్ని ఒక ప్రమాణంగా ప్రతిపాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ 11వ కూర్పు దీన్ని రుగ్మతగా కాక లక్షణంగా నమోదు చేస్తుంది.

ఇక్కడ ‘ప్రేరణ’ అన్న మాటను మూడు పొరలుగా అర్థం చేసుకోవాలి. గాయానికి ముందు జరిగిన సంఘటన మొదటి పొర, దానిని ప్రేరేపకం అంటారు. ఆ క్షణంలో మనిషి కోరుకున్న ఫలితం రెండవ పొర, అది ఉద్దేశం. గాయం తరువాత నిజంగా దక్కిన ఫలితం మూడవ పొర, దానిని ప్రయోజనం అంటారు. అత్తతో మాట పట్టింపు ప్రేరేపకం కావచ్చు, లోపలి మంట చల్లారాలన్నది ఉద్దేశం కావచ్చు, ఇంటివారంతా ఆ పూటకు మౌనం వహించడం దక్కిన ప్రయోజనం కావచ్చు. ఈ మూడింటినీ ఒకటిగా కలిపి, దక్కిన ఫలితాన్నే ఉద్దేశంగా భావించి, ‘ఇంట్లోవాళ్లను బెదిరించడానికే చేసింది’ అని తేల్చివేయడం అంచనాలో తరచుగా జరిగే పొరపాటు.

అధ్యయన చరిత్ర

స్వీయగాయానికి అర్థం వెతికిన తొలి ప్రముఖ గ్రంథాలలో అమెరికన్ మానసిక వైద్యుడు కార్ల్ మెనింజర్ 1938లో ప్రచురించిన ‘మ్యాన్ అగైనెస్ట్ హిమ్‌సెల్ఫ్’ ఒకటి. అవయవాన్ని గాయపరచుకోవడం ప్రాణాన్ని నిలుపుకోవడానికి మనసు కుదుర్చుకున్న రాజీ కావచ్చునని, అంటే మొత్తాన్ని కాపాడుకోవడానికి ఒక భాగాన్ని బలి ఇవ్వడమని ఆయన వాదించాడు. 1987లో ఆర్మండో ఫవాజా ‘బాడీస్ అండర్ సీజ్’ అన్న గ్రంథంలో మతం, ఆచారం, మానసిక వైద్యం మూడింటినీ కలిపి పరిశీలించాడు. ఆయన కృషి ఆధారంగా రూపొందిన వర్గీకరణలో మూడు తరగతులు ఉన్నాయి: తీవ్ర మనోవైకల్యంలో (సైకోసిస్) అరుదుగా జరిగే, అవయవ నష్టానికి దారితీసే తీవ్ర గాయం; మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారిలో ఒకే లయలో పదేపదే జరిగే గాయం; భావోద్వేగాలతో ముడిపడి, ఎక్కువమందిలో కనిపించే మధ్యస్థ లేదా పైపై గాయం.

ప్రయోజనాల వైపు నుంచి జరిగిన పరిశోధన మేధో వైకల్య రంగంలో మొదలైంది. 1982లో బ్రయాన్ ఇవాటా బృందం స్వీయగాయాన్ని వేరువేరు పరిస్థితులలో పరిశీలించి, ఒక బిడ్డ ఇతరుల దృష్టి కోసం, మరొక బిడ్డ కష్టమైన పనిని తప్పించుకోవడానికి, ఇంకొక బిడ్డ ఒంటరిగా ఉన్నప్పుడు శారీరక అనుభూతి కోసం అదే పనిని చేయవచ్చునని చూపింది. 2004లో మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ మానసిక వైద్యశాలలో చేరిన కౌమార వయస్కులను అధ్యయనం చేసి, ఇదే తర్కాన్ని భావోద్వేగాలకు అన్వయించారు. 2007లో డేవిడ్ క్లోన్‌స్కీ 18 అధ్యయనాలను సమీక్షించి, భరించలేని భావోద్వేగాన్ని తగ్గించుకోవడమే అన్నింటికన్నా బలమైన ఆధారాలున్న ప్రయోజనమనీ, తనను తాను శిక్షించుకోవడానికి కూడా గట్టి ఆధారాలు ఉన్నాయనీ తేల్చాడు. 2018లో పీటర్ టేలర్ బృందం అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, గాయపరచుకున్నవారిలో 66 నుంచి 81 శాతం తమ లోపలి స్థితికి సంబంధించిన కారణాలనూ, 33 నుంచి 56 శాతం ఇతరులతో సంబంధానికి చెందిన కారణాలనూ చెప్పినట్లు తేలింది. ఒకే మనిషి రెండు రకాల కారణాలనూ చెప్పవచ్చు గనుక ఈ అంకెలు వందకు మించడంలో వింత లేదు. ‘అందరూ చూడాలని చేస్తారు’ అన్న లోకాభిప్రాయానికి ఈ అంకెలే సమాధానం.

ఆచారానికీ లక్షణానికీ భేదం

శరీరాన్ని బాధించుకోవడం ప్రతిచోటా రోగ లక్షణం కాదు. శ్రీశైలంలో 14వ శతాబ్దపు వీరశిరోమండపం, కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లోని మైలార వీరభటుల సాహసాలు, వీరభద్ర ఉత్సవాలలో నారసాలు గుచ్చుకునే ఆచారం, బోనాలలో పోతరాజు కొరడా దెబ్బలు, హైదరాబాదు మొహర్రం ఊరేగింపులో భక్తుల రక్తతర్పణం తెలుగు నేలకు పరిచితమైనవి. ఉత్తర తెలంగాణ జాతరలలో శివసత్తులు శిగం ఊగుతున్నప్పుడు నొప్పి తెలియని స్థితికి చేరుకోవడం కూడా ఈ కోవకే చెందుతుంది. వీటిలో కాలం, స్థలం, పద్ధతి సమాజం నిర్ణయిస్తుంది, పక్కన జనం ఉంటారు, పని ముగిశాక మనిషి గౌరవంతో ఇంటికి వెళతాడు. రోగ సంబంధమైన స్వీయగాయం సాధారణంగా ఏకాంతంలో, సిగ్గుతో, దాచుకుంటూ జరుగుతుంది. ఆచారం ముసుగులో రోగం ఉండే అవకాశం లేకపోలేదు గనుక, పండుగ ముగిశాకా ఆ ప్రవర్తన కొనసాగుతున్నదా, ఆ సంప్రదాయానికి చెందిన పెద్దలు దాన్ని మామూలుగానే చూస్తున్నారా అని అడిగి తెలుసుకోవాలి.

శరీరం మీది మచ్చలను చదవడంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. గ్రామాలలో కామెర్లకు, కడుపునొప్పికి నాటువైద్యులు పెట్టే వాతలు, పచ్చబొట్లు, పొలం పనిలోనూ బొగ్గు గనిలోనూ తగిలిన దెబ్బల మచ్చలు తొందరపాటు పరీక్షలో స్వీయగాయాలుగా కనబడవచ్చు. దీనికి విరుద్ధంగా, ఇంట్లో ఇతరులు కొట్టిన గాయాలను బాధితురాలు తానే చేసుకున్నానని చెప్పే సందర్భాలూ ఉంటాయి. గాయం ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే ఎందుకు చేశారన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ప్రేరణల స్వరూపం

నాక్, ప్రిన్‌స్టీన్ ప్రతిపాదించిన నమూనాలో ప్రయోజనాలు నాలుగు గదులలో అమరుతాయి. మొదటిది, లోపలి బాధను తొలగించుకోవడం: ఉద్వేగం పెరిగి పెరిగి, గాయంతో ఒక్కసారిగా తగ్గుతుంది, ఆ ఊరట వల్లనే మళ్లీ అదే దారి పట్టే అలవాటు బలపడుతుంది. రెండవది, లోపల లేనిదాన్ని తెచ్చుకోవడం: మనసు, శరీరం మొద్దుబారినట్లు ఉన్నవారు ఏదో ఒక అనుభూతి కోసం గాయపరచుకుంటారు. మూడవది, బయటి నుంచి వచ్చే ఇబ్బందిని తప్పించుకోవడం. తగవునూ, పరీక్షనూ, ఇష్టంలేని పెళ్లి మాటలనూ అది ఆ పూటకు ఆపుతుంది. నాల్గవది, బయటి నుంచి సహాయాన్నో ఆదరణనో పొందడం. క్లోన్‌స్కీ, గ్లెన్ 2009లో రూపొందించిన ప్రశ్నావళి ప్రయోజనాలను మరింత వివరంగా 13గా విడదీసింది. ఉద్వేగ నియంత్రణ, ఆత్మశిక్ష, మొద్దుబారడం నుంచి బయటపడటం, ఆత్మహత్యా ఆలోచనను అడ్డుకోవడం, బాధకు కంటికి కనిపించే గుర్తు నిలపడం వంటి అంతర్గత కారణాలతో పాటు, ఇతరులను ప్రభావితం చేయడం, తోటివారితో కలిసిపోవడం, పగ, తన దృఢత్వాన్ని చాటుకోవడం, తనకూ ఇతరులకూ మధ్య హద్దు గీసుకోవడం వంటివి అందులో ఉన్నాయి.

మరణోద్దేశం ఉన్న ప్రయత్నానికీ అది లేని గాయానికీ కారణాలు వేరుగా ఉంటాయని 2002లో బ్రౌన్, కొమ్‌టోయిస్, లినెహాన్ వెలువరించిన అధ్యయనం చూపింది. సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత ఉన్న స్త్రీలు మరణోద్దేశం లేని గాయానికి కోపం వెళ్లగక్కడం, తనను తాను శిక్షించుకోవడం, మనసు మళ్లించుకోవడం వంటి కారణాలను ఎక్కువగా చెప్పగా, ఆత్మహత్యా ప్రయత్నానికి ‘నేను లేకపోతే మిగతావారు సుఖపడతారు’ అన్న భావాన్ని ఎక్కువగా చెప్పారు. ‘నా పీడ పోతే అందరికీ మంచిది’ అని తెలుగు ఇళ్లలో వినిపించే మాట ఈ భావమే గనుక, దాన్ని విసుగులో అన్న మాటగా వదిలివేయకూడదు.

అయితే రెండింటి మధ్య గోడ లేదు. మరణోద్దేశం లేకుండా పదేపదే గాయపరచుకునేవారు నొప్పికీ భయానికీ అలవాటు పడి, కాలక్రమంలో ప్రాణాపాయకరమైన పనికి కావలసిన సామర్థ్యాన్ని సంతరించుకుంటారని థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించాడు. స్వీయహానితో ఆసుపత్రికి వచ్చినవారిపై జరిగిన అధ్యయనాలను 2014లో కలిపి విశ్లేషించినప్పుడు, ఏడాదిలోపు దాదాపు 16 శాతం మంది మళ్లీ హాని చేసుకున్నట్లూ, 1.6 శాతం మంది ఆత్మహత్యతో మరణించినట్లూ తేలింది. ఎక్కువమంది బతికే ఉంటారన్నది ఈ అంకెలలోని ఆశ అయితే, సాధారణ జనంతో పోలిస్తే ఆ ఏడాదిలో ముప్పు ఎన్నో రెట్లు అధికమన్నది అందులోని హెచ్చరిక.

రోగాన్ని బట్టి మారే ప్రేరణలు

కుంగుబాటులో అపరాధ భావన ప్రధానంగా ఉంటుంది; చేయని తప్పులకు కూడా తనకు శిక్ష తగినదేనని రోగి నమ్ముతాడు. సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మతలో ఉద్వేగాలు వేగంగా ఎగసి నెమ్మదిగా తగ్గుతాయి, వదిలివేస్తారన్న భయం ఉంటుంది, గాయం ఆ ఎగసిపాటును దించే సాధనంగా మారుతుంది. బాల్యంలో హింసకు, లైంగిక దుర్వినియోగానికి గురైనవారిలో ‘విడిపోవడం’ అన్న స్థితి, అంటే తన శరీరం తనది కానట్లు, లోకం అద్దం వెనుక ఉన్నట్లు అనిపించడం, గాయానికి ముందు కనిపించవచ్చు.

స్కిజోఫ్రీనియాలో ప్రేరణ వేరొక తీరులో ఉంటుంది. వినిపించే గొంతులు ఆజ్ఞాపించడం, ఒక అవయవంలో చెడు చేరిందన్న దృఢమైన భ్రమ, పాపం చేశానన్న మతపరమైన భ్రమ అందులో ముఖ్యమైనవి. అరుదుగా జరిగే తీవ్ర గాయాలు తరచుగా మనోవైకల్యపు మొదటి విడతలో, ఇంకా చికిత్స అందని రోజులలో జరుగుతాయి గనుక, భ్రమలు మొదలైన యువతీయువకులకు చికిత్స త్వరగా అందించడమే అత్యుత్తమ నివారణ. మనోవైకల్యానికి ఇచ్చే కొన్ని మందుల వల్ల కలిగే అకథీసియా, అంటే ఒకచోట కూర్చోలేని, నిలబడలేని తీవ్రమైన లోపలి అలజడి కూడా గాయానికి దారితీయవచ్చు. ఇటీవల మందు మార్చారా, మోతాదు పెంచారా అని అడగకపోతే, మందు తెచ్చిన బాధను రోగం ముదిరిందనుకుని అదే మందును మరింత పెంచే ప్రమాదం ఉంది.

మేధో వైకల్యం, ఆటిజం ఉన్న బిడ్డ చెప్పలేని నొప్పిని శరీరంతో చెబుతుంది. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం వంటి మామూలు కారణాలు లేవని నిర్ధారించుకోకుండా ‘మొండితనం’ అనుకోవడం అన్యాయం. 1964లో లెష్, నైహాన్ వర్ణించిన అరుదైన జన్యు వ్యాధిలో మగపిల్లలు తమ పెదవులను, వేళ్లను అదుపు లేకుండా గాయపరచుకుంటారు. కొందరు తమ చేతులను కట్టి ఉంచమని తామే అడుగుతారు. ఉద్దేశం ఏ మాత్రం లేకుండానే స్వీయగాయం జరగవచ్చునన్న సత్యానికి దానికి మించిన నిదర్శనం లేదు.

కల్తీ కల్లు: తెలంగాణ ఇచ్చే పాఠం

మత్తు పదార్థాల వల్ల జరిగే స్వీయగాయం విషయంలో తెలంగాణకు ప్రత్యేకమైన అనుభవం ఉంది. ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్, కరీంనగర్ ప్రాంతాలలో చెట్టు కల్లుకు బదులు క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమత్తు మందులు కలిపిన కల్తీ కల్లు చాలాకాలంగా పెద్ద సమస్య. రోజూ తాగేవారికి అది ఒక్కసారిగా దొరకనప్పుడు చేతులు వణకడం, ఫిట్స్, నిద్రలేమి, లేని మనుషులు కనిపించడం, దిక్కుతెలియని అయోమయం కలుగుతాయి. చివరిదానిని సన్నిపాతం, అంటే మెదడు తాత్కాలికంగా గందరగోళంలో పడి చుట్టూ ఉన్నదాన్ని సరిగా గ్రహించలేని స్థితి అంటారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో ఆసుపత్రులకు చేరారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకూ అదే విధంగా తాకిడి పెరిగింది.

సన్నిపాతంలో ఉన్న మనిషి తన్ను తాను గాయపరచుకుంటే, దానికి కుటుంబ కలహంలోనో అప్పులలోనో ప్రేరణ వెతకడం వృథా ప్రయాస. మత్తు దిగిపోతున్న మెదడులో పుట్టిన భయానికి అతడు స్పందించాడే తప్ప జీవితానికి కాదు. అందువల్ల తెలంగాణలో అంచనా వేసే ఎవరైనా, స్త్రీ పురుష భేదం లేకుండా, ‘కల్లు తాగుతారా, ఎక్కడి కల్లు, చివరిసారి ఎప్పుడు’ అన్న ప్రశ్నలను మర్యాదగా, తీర్పు లేకుండా, తప్పనిసరిగా అడగాలి.

అంచనా విధానం

అంచనా ఒక క్రమంలో సాగుతుంది. మొదట ప్రాణాపాయాన్ని తప్పించి, గాయానికి మత్తుమందు ఇచ్చి గౌరవంగా చికిత్స చేయాలి. ‘చేసుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు’ అన్న ఒక్క మాట రోగి నోటిని ఎప్పటికీ మూయించగలదు. తరువాత స్పృహ, మత్తు, జ్వరం, తలకు దెబ్బ వంటివి పరిశీలించి, మనిషి మాట్లాడగల స్థితిలో ఉన్నాడని నిర్ధారించుకోవాలి. ఆ పిమ్మట రోగితో ఏకాంతంగా మాట్లాడాలి. వెంట వచ్చిన భర్తో, అన్నో, అత్తో పక్కనే ఉండగా వచ్చే జవాబు తరచుగా వారి కోసం చెప్పే జవాబు అవుతుంది. కుటుంబం చెప్పే వివరాలు అవసరమే గానీ వాటిని రోగి అనుమతితో, వేరుగా తీసుకోవాలి.

ముఖాముఖిలో గుండెకాయ వంటిది గొలుసు విశ్లేషణ. ముందురోజు నిద్ర, తిండి మొదలుకొని, మొదటి కుదుపు, మనసులో మెదిలిన మాటలు, శరీరంలో కలిగిన మార్పులు, గాయం, ఆ తరువాతి నిమిషాలు, ఆ తరువాతి రోజు వరకు జరిగినదాన్ని లంకె లంకెగా రోగితో కలిసి పేర్చుకుంటూ పోవడమే ఈ పద్ధతి. ఆ గొలుసులో ఏ లంకె దగ్గర వేరే దారి సాధ్యమయ్యేదో రోగికే కనిపిస్తుంది. మరణోద్దేశాన్ని సూటిగా అడగాలి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయానికి పరిశోధనలలో ఆధారం దొరకలేదు, పైగా చాలామందికి అడిగినందుకే ఊరట కలుగుతుంది. ఏర్పాట్లు ముందుగా చేసుకున్నారా, ఎవరికైనా చెప్పారా, బతికినందుకు ఇప్పుడు ఏమనిపిస్తున్నది అన్న అంశాలను ఆరన్ బెక్ బృందం 1974లో రూపొందించిన ఉద్దేశ కొలమానం క్రమబద్ధం చేసింది. బతకడానికి కారణాలను కూడా అంతే శ్రద్ధగా అడగాలని, 1983లో మార్షా లినెహాన్ బృందం రూపొందించిన ‘జీవించడానికి కారణాల’ ప్రశ్నావళి గుర్తుచేస్తుంది.

కొలమానాలకు హద్దులు ఉన్నాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు, భవిష్యత్తులో ఆత్మహత్యను లేదా మళ్లీ జరిగే హానిని ముందుగా చెప్పడానికి మార్కుల పట్టికలను వాడకూడదనీ, రోగులను తక్కువ, మధ్యమ, ఎక్కువ ముప్పు అన్న గంపలలో వేయకూడదనీ, దానికి బదులు ప్రతి మనిషి అవసరాలను సమగ్రంగా తెలుసుకోవాలనీ స్పష్టం చేశాయి. ‘తక్కువ ముప్పు’ అని ఇంటికి పంపినవారిలోనూ మరణాలు జరుగుతాయన్నది దీని వెనుక ఉన్న చేదు అనుభవం. ప్రశ్నావళి సంభాషణను మొదలుపెట్టడానికి పనికివస్తుంది, ముగించడానికి కాదు.

చెన్నూరు పరిసరాలలో భాష, దూరం

రోగి భాష, ఆసుపత్రి దూరం అంచనాపై ఎలా ప్రభావం చూపుతాయో తెలుసుకోవడానికి చెన్నూరు ప్రాంతం ఒక ఉదాహరణ. గోదావరి ఉత్తరవాహినిగా ప్రవహించే చెన్నూరు, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో, అంతకు ముందు ఉమ్మడి ఆదిలాబాద్‌లో భాగం. పత్తి సేద్యం, సింగరేణి గనులు, గల్ఫ్ వలసలు, అడవి అంచు గోండు, కోలాం, నాయకపోడు గూడేలు కలిసిన ఈ ప్రాంతంలో, ప్రాణహిత ఆవలి సిరొంచ వరకు తెలుగు వినిపిస్తుంది గానీ, ఆ తెలుగు పాఠ్యపుస్తకాల తెలుగు కాదు. ‘కుంగుబాటు’, ‘ఉద్వేగం’ అన్న పదాలు ఇక్కడి రోగి నోట రావు. ‘రంది’ అంటే విడవని చింత. ‘మనాది’ అంటే లోలోపల తినేసే దిగులు. ‘యాష్టకొచ్చింది’ అంటే భరించే శక్తి అయిపోయింది. ‘పానం కొట్టుకుంటున్నది’ అంటే ఆందోళన. ‘సోయి లేకుంట చేసుకున్న’ అన్న మాట మరింత జాగ్రత్తగా వినవలసినది, ఎందుకంటే అది మత్తును, సన్నిపాతాన్ని, విడిపోవడాన్ని, పట్టరాని కోపాన్ని దేనినైనా సూచించవచ్చు. ‘నాకు గిట్లనే కావాలె’ అన్నది ఆత్మశిక్షకు, ‘చెవుల ఎవలో చెప్తున్నరు’ అన్నది గొంతులకు ఇక్కడి రూపాలు. గోండి, కోలామీ మాట్లాడేవారికి తెలుగు రెండవ భాష గనుక, వారి భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్త సహాయం లేకుండా ప్రేరణ గురించి నిర్ణయానికి రాకూడదు. గాలి, చేతబడి, బాణామతి అని కుటుంబం చెప్పే కారణాన్ని వెక్కిరించకుండా విని, దాని వెనుక రోగి అనుభవించినదేమిటో అడగాలి.

ప్రశ్న రూపం కూడా ముఖ్యమే. తెలుగులో ‘ఎందుకు చేసుకున్నవ్?’ అన్నది ప్రశ్న కన్నా మందలింపుగా చెవిన పడుతుంది, మందలింపుకు జవాబుగా మౌనమో అబద్ధమో వస్తుంది. ‘అంతకు ముందు ఏమైంది బిడ్డా? అప్పుడు పానం ఎట్లున్నది? చేసుకున్నంక ఎట్లనిపించింది?’ అన్న వరుసలో, పెద్దవారినైతే ‘అవ్వా’, ‘బాపూ’ అని పిలుస్తూ అడిగితే, అదే సమాచారం నిందలేకుండా బయటికి వస్తుంది. పత్రికలలో, పోలీసు కాగితాలలో స్థిరపడిన ‘కడుపునొప్పి తాళలేక’, ‘మనస్తాపం చెంది’, ‘క్షణికావేశంలో’, ‘జీవితంపై విరక్తితో’ అన్న ముద్ర మాటలు కారణాన్ని చెప్పవు, మూసివేస్తాయి. కేసు షీటులో అవే మాటలు చోటు చేసుకుంటే తరువాత చూసే వైద్యుడికి మనిషి కనబడడు.

దూరం మరొక అడ్డంకి. చెన్నూరు నుంచి జిల్లా కేంద్రం మంచిర్యాల దాదాపు 40 కిలోమీటర్లు, ఎర్రగడ్డ 250 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996 నుంచి అమలులోకి వచ్చిన దాని జిల్లా విభాగం ఈ దూరాన్ని తగ్గించడానికే ఏర్పడ్డాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 నంబరు ద్వారా పగలూ రాత్రీ తెలుగులో ఉచితంగా సలహా ఇస్తుంది. స్పెషలిస్టు లేని చోట మొదట చూసే వైద్యాధికారి, నర్సు, ఆశా కార్యకర్త ఓపికగా వినడం నేర్చుకుంటే, అంచనాలో సగభాగం ఊరిలోనే పూర్తవుతుంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 ఆత్మహత్యలు నమోదు కాగా తెలంగాణ రేటు దానికి రెండింతలకు పైగా ఉంది. మరణానికి దారితీయని స్వీయగాయాలను ఈ లెక్కలు పట్టించుకోవు.

చట్టం

భయం నిజాన్ని దాచిపెడుతుంది గనుక చట్టం అంచనాలో భాగమవుతుంది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా పరిగణించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని సమర్థించగా, 1994లో సుప్రీంకోర్టు కొట్టివేసి, 1996లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తిరిగి నిలబెట్టింది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలనీ, విచారించి శిక్షించకూడదనీ, సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ నిర్దేశించింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే 226వ సెక్షను నేరంగా ఉంచింది. మరణోద్దేశం లేని స్వీయగాయం మొదటి నుంచీ ఆత్మహత్యా ప్రయత్నం కాదు. అయినా మెడికోలీగల్ కేసు అవుతుందన్న భయంతో ‘జారి పడ్డడు’, ‘అద్దం గుచ్చుకున్నది’ అని కుటుంబాలు చెబుతూనే ఉంటాయి. చట్టం మారిందన్న సంగతిని, చెప్పినది గోప్యంగా ఉంటుందన్న హామీని ముందుగా తెలియజేయడం వల్ల నిజం చెప్పడానికి ధైర్యం వస్తుంది.

అంచనా నుంచి చికిత్సకు

ప్రేరణ తెలిస్తే చికిత్స దారి తెలుస్తుంది. ఆజ్ఞాపించే గొంతులకు మందులు, సన్నిపాతానికి అత్యవసర వైద్యం, కుంగుబాటుకు దాని చికిత్స, బిడ్డ పంటినొప్పికి దంతవైద్యం, ఇంటి హింసకు రక్షణ కావాలి. ఉద్వేగాన్ని దించుకోవడానికి గాయపరచుకునేవారికి, అదే ఊరటను హాని లేకుండా ఇచ్చే నైపుణ్యాలు నేర్పాలి. ఇందుకోసం మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, మనిషిని ఉన్నవాడిని ఉన్నట్లు అంగీకరించడం, మారడానికి తోడ్పడటం అన్న రెండింటినీ జోడిస్తుంది. దాని తొలి నియంత్రిత పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. యవ్వనంలో తాను కూడా స్వీయగాయంతో మానసిక వైద్యశాలలో గడిపినట్లు లినెహాన్ 2011లో బహిరంగంగా వెల్లడించింది. ఈ స్థితి నుంచి మనుషులు బయటపడతారనీ, ఇతరులకు దారి చూపగలరనీ ఆమె జీవితమే చెబుతుంది.

చికిత్స ఏదైనా, ఇంటికి పంపే ముందు రోగితో కలిసి భద్రతా ప్రణాళిక రాసుకోవాలి: ప్రమాదం దగ్గరపడుతున్నదని చెప్పే సంకేతాలు, తనంతట తాను చేయగల పనులు, వెళ్లి కూర్చోగల చోటు, పిలవగల మనుషులు, ఆసుపత్రి, 14416. ఇంట్లో మందులను, పొలానికి వాడే పురుగుమందులను తాళంలో, మరొకరి చేతిలో ఉంచమని కుటుంబాన్ని కోరాలి. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీతో సహా చెప్పి, రాకపోతే ఫోను చేయాలి.

స్వీయగాయం ఒకే పేరుతో పిలిచే అనేక బాధలు. వాటిలో ఏది ఎవరిదో తెలుసుకునే సాధనాలు ప్రపంచమంతటా పెరుగుతున్నప్పటికీ, వాటన్నింటికీ ముడిసరుకు ఒక్కటే: రోగి తన నోటితో, తన యాసలో చెప్పిన మాట. ‘మనస్తాపం’ అన్న ముద్ర మాట స్థానంలో, కేసు షీటు మొదటి పంక్తిలో, రోగి అన్న వాక్యాన్ని అతడు అన్నట్లే రాసిపెట్టడం ఏ ఆసుపత్రికైనా ఖర్చులేని సంస్కరణ, ఆ వాక్యంతోనే అంచనా మొదలవుతుంది.